పగ్గము పట్టిన చేయి



వ్యాకరణమును, పద్యములను బోధించి జీవితము గడపినవాడు మోటారు బండి చక్రమును గూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. అయినను మా యింటిలో పుట్టిన తగవొకటి నన్నీ విషయమునకు ఈడ్చినది. తగవు తీర్చవలసినవాడు మూలము తెలిసికొనక తీర్పు చెప్పరాదు గదా! మూలము వెదకబోగా అది నన్ను వెనుకకు, ఇంకను వెనుకకు, నలమహారాజు రథము వరకును కొనిపోయినది.

తగవిది. మాది తాండూరు. నా మనుమడు ఇంజనీరింగు చదువుచున్నాడు. కంప్యూటరు తెర యెదుట కూర్చుండి కారు పందెములాడుట వానికి చిన్ననాటినుండి వేడుక. ఈ ఆటను సిమ్ రేసింగు అందురు. తెరపై బాట పరుగెత్తుచుండును. ఆటకాని చేతిలో నిజమైన స్టీరింగు చక్రమును, కాలిక్రింద పెడళ్లును ఉండును. వానియొద్దనున్న చక్రము చవుకరకము. లోపల మోటారు లేదు. ఒక రబ్బరు పట్టీ మాత్రము కలదు. ఎటు త్రిప్పినను ఆ పట్టీ చక్రమును నడిమికి లాగుచుండును. దానిపై నాలుగేండ్లు సాధనచేసి, పిదప లైసెన్సు పొంది, వాడు నిజమైన కారు నడుపసాగెను.

రెండేండ్ల క్రిందట శ్రావణమాసమున తల్లిని వెంటబెట్టుకొని వికారాబాదునుండి తాండూరునకు వచ్చుచుండగా, అనంతగిరి వంపులలో కారు ముందుచక్రములు తడిబాటపై పట్టు తప్పెను. బండి వంపు తిరుగక తిన్నగా పోయి ప్రక్కకాలువలో దిగబడెను. ప్రాణములు దక్కినవి, నా కోడలి కుడిచేతి మణికట్టు విరిగినది. ఆసుపత్రి వసారాలో వానిని అడిగితిని: "ఏమిరా, చక్రము త్రిప్పలేదా?" వాడు తలవంచుకొని, "త్రిప్పితిని తాతా. చక్రము తేలికయైనది. తేలికగా తిరుగుచున్నది గదా, బండి చెప్పినట్లు వినుచున్నదనుకొని ఇంకను త్రిప్పితిని" అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. తేలిక యగుట ఆపదకు గుర్తని వానికి తెలియదు. తెలుపవలసిన చక్రము నాలుగేండ్లపాటు వానికి అసత్యమే చెప్పినది.

కొన్ని మాసములు గడచినపిమ్మట వాడు ఇంటిలో ఒక కోరిక తెలిపెను. డైరెక్టు డ్రైవు అను చక్రపీఠము కావలెనట. చక్రము వేరు, పీఠము వేరు. చేతితో పట్టుకొనునది చక్రము. దాని వెనుక మోటారు గల పెట్టె పీఠము. దానిని వాడుకలో బేసు అందురు. నా కుమారుడు మండిపడెను. "ఆటవలననే ఇంత జరిగెను, మరల ఆటకే డబ్బు పోయవలెనా?" అని తండ్రి, "తప్పు ఆటది కాదు, ఆ చక్రముది" అని కొడుకు. ఇద్దరును నాయొద్దకు వచ్చిరి. నేను నెలదినముల గడువడిగితిని.

అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానము మీరెల్లరు ఎరిగినదే. జూదమున రాజ్యము కోల్పోయి, రూపము మారి, బాహుకుడను పేర నలుడు ఋతుపర్ణునికొలువున సారథియై యుండెను. దమయంతి రెండవ స్వయంవరమను వార్త విని, ఒక్కదినములో విదర్భకు చేర్పవలెనని రాజు కోరగా, బాహుకుడు అశ్వశాలకు పోయి బక్కపలుచని గుఱ్ఱములను ఎన్నుకొనెను. రాజు సందేహించెను. కండగల గుఱ్ఱములుండగా ఇవి యేల? బాహుకుడు వాని సుడులను, లక్షణములను చూచి యెంచితినని చెప్పి రథమును కదలించెను. త్రోవలో రాజు ఉత్తరీయము జారిపడెను. ఆపుమనునంతలో అది ఆమడదూరము వెనుకబడెను.

దీనిలో రెండు సంగతులు గమనింపదగినవి. నలుడు బలమును చూచి ఎంచుకొనలేదు. మాట వినునట్టియు, మాట తెలుపునట్టియు గుఱ్ఱములను ఎంచుకొనెను. కళ్లెము రెండువైపుల వార్త మోయునది. సారథి ఆజ్ఞ గుఱ్ఱమునకు పోవును. నేల సంగతి, గుఱ్ఱము మనస్సు చేతికి వచ్చును. రెండవది: ఆ ప్రయాణముననే ఋతుపర్ణుడు అతనికి అక్షహృదయమును, అనగా పాచికల మర్మమును ఉపదేశించెను, బదులుగా అశ్వహృదయమును పొందగోరెను. జూదమువలన చెడినవాడు జూదమును తిట్టుచు కూర్చుండలేదు; దాని మర్మమును నేర్చెను. అప్పుడు గాని కలి అతని దేహమును విడువలేదు. ఈ కథను నా కుమారునికి జ్ఞాపకము చేసితిని. "కథలకేమి!" అని వాడు లేచిపోయెను. వాడు నా శిష్యుడు కాడు, లెక్కలపంతులు శిష్యుడు.

రథమునుండి మన ఎడ్లబండికి వత్తము. నా బాల్యమున మా తాతగారి బండిలో నాపరాళ్లు తోలుచుండిరి. రాత్రివేళ ఆయన పగ్గములు నాచేతికిచ్చి కునుకు తీయుచుండెడివారు. చీకటిలో నాకేమియు కనబడకుండెను. వాగు దగ్గరపడగనే కుడియెద్దు అడుగు సంకోచించును; ఆ సంకోచము త్రాటి వెంట నా అరచేతికి వచ్చును. నేను "తాతా!" అని పిలుచువాడను. కన్ను చూడకమునుపే చేయి చూచినది.

పశువు పోయి యంత్రము వచ్చినప్పుడు ఈ చేతి చూపు ఏమైనది? ఇదియే నేను వెదకిన చరిత్ర.

నాలుగు చక్రముల బండిని త్రిప్పుట సులభము కాదు. తాండూరి భద్రేశ్వరస్వామి రథోత్సవము చూచినవారికి ఇది తెలియును. దేవుని రథము ఇరుసులు తిరుగవు గనుక, చక్రముల క్రింద కొయ్యదిమ్మెలు పెట్టి దారి మరల్తురు. ఐరోపాలో గుఱ్ఱపుబండ్ల ముందు ఇరుసు మొత్తము నడిమి మొలపై తిరుగుచుండెడిది. వంపులో అట్టి బండి ఒరిగిపడుట కలదు. జర్మనీలోని మ్యూనిక్ నగరమున లాంకెన్‌స్పెర్గర్ అను బండ్ల వడ్రంగి, ఇరుసును కదలనీయక రెండు చివరల చక్రములు మాత్రము వేర్వేరుగా తిరుగు ఉపాయము కనిపెట్టెను. 1818లో ఆకర్‌మన్ అనునతడు లండనులో దానికి పేటెంటు పొందెను. కనిపెట్టినవాడొకడు, పేరు మిగిలినది వేరొకనికి. నేటికిని దానిని ఆకర్‌మన్ పద్ధతి యనియే యందురు. లోకములో ఇట్టివి క్రొత్తగావు.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మోటారుబండికి మూడే చక్రములు. ముందు రెండు చక్రములను సరిగా త్రిప్పు విధము అప్పటికి ఆయనకు కుదరలేదు. నాటి బండ్లకు స్టీరింగు చక్రము లేదు. పడవ చుక్కానికి వలె ఒక పిడి యుండెడిది. వేగము హెచ్చినకొలది ఆ పిడి ప్రమాదకారి యాయెను. ముందు చక్రము రాతికి తగిలినచో ఆ దెబ్బ తిన్నగా పిడికి వచ్చి చేతినుండి ఊడబెరుకును. ఫ్రాన్సు దేశపు మోటారు నిర్మాతలలో ప్రసిద్ధుడైన ఎమీల్ లెవస్సోర్ 1896 నాటి పందెములో అడ్డువచ్చిన కుక్కను తప్పింపబోయి బండినుండి ఎగిరిపడెను, మరుసటియేడు మరణించెను. అంతకు రెండేండ్లు ముందు, 1894 జూలైలో జరిగిన పారిస్-రువాన్ పందెమున వాషెరాన్ అను నతడు పిడి తీసివేసి తన బండికి గుండ్రని చక్రము అమర్చుకొనెను. నాలుగేండ్లలో అది పెద్ద నిర్మాతల బండ్లలోను చేరెను.

గుండ్రని చక్రమువలన లాభమేమి? చేతికిని నేలకును నడుమ పండ్లచక్రములు వచ్చినవి. చేయి చాల త్రిప్పినగాని బండి కొంచెమే తిరుగును గనుక చేతికి బలము కలిగెను, రాతిదెబ్బ మెత్తబడెను. కాని ఆ మెత్తదనముతోపాటు నేలవార్తయు కొంత సన్నగిల్లెను. ఈ లాభనష్టముల బేరము నాటినుండి నేటివరకు సాగుచునే యున్నది.

ఇక నేలవార్త యనగా నేమో చెప్పవలెను. తగవుకు మూలము ఇచ్చటనే యున్నది. ఆసుపత్రి మంచముల క్రింది చిన్న చక్రములు చూడుడు. మంచమును తోయగనే అవి తమంత తామే వెనుకకు మరలి దారికి వచ్చును. చక్రము నేలను తాకుచోటు దాని తిరుగుమొలకు వెనుకనుండుటయే కారణము. కారు ముందు చక్రములును ఈ విధముగనే అమర్పబడినవి. అందుచేతనే వంపు తిరిగినపిదప స్టీరింగు తనంత తాను నడిమికి వచ్చును. అంతేకాదు. వంపులో టైరు నేలను పట్టుకొని సాగదీయబడుచు చక్రమును తిన్నగా చేయవలెనని పెనగులాడును. ఆ పెనగులాటయే చేతికి బరువుగా తెలియును. ఎంత త్రిప్పిన అంత బరువు. కాని టైరు పట్టు తుదిమొదలునకు వచ్చినప్పుడు, జారుటకు ఒక్క క్షణము ముందుగా, ఆ పెనగులాట సడలిపోవును. చక్రము చేతిలో ఒక్కమారుగా తేలిక యగును. అనుభవశాలి యగు డ్రైవరు అప్పుడు చక్రమును కొంచెము వెనుకకు విడిచి, వేగము మెల్లగా తగ్గించును. నా మనుమడు ఇంకను త్రిప్పెను.

వాని రబ్బరు చక్రమున ఈ వార్త లేదు. పొడిబాటయైనను, తడిబాటయైనను, జారినను, జారకున్నను, అది త్రిప్పినకొలది బరువెక్కుచునే యుండును. ఏమియు చెప్పని గురువు మేలు. ఎప్పుడును ఒకే అబద్ధము చెప్పు గురువువలన చేయి చెడును.

మన ప్రాంతపు మాట కొంత చెప్పి ముందుకు పోదును. వాడి-సికింద్రాబాదు రైలుమార్గము 1874లో తెరవబడుటతో వికారాబాదు, తాండూరులకు యంత్రవాహనము తెలిసినది. రైలునకు స్టీరింగు లేదు, పట్టాలే సారథులు. వికారాబాదునకు పేరిచ్చిన వికారుల్ ఉమ్రా నవాబుగారు నిజాము ప్రభుత్వమున ప్రధానమంత్రిగా నున్న దినములలోనే ఐరోపాలో పిడిపోయి చక్రము వచ్చుచుండెను. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. ఆ కాలపు బండ్లను ముందు భాగమున ఇనుపకఱ్ఱ దూర్చి చేత్రిప్పి రాజేయవలెను. ఇంజను వెనుకకు తన్నినచో బొటనవ్రేలు విరుగును. అందుచేత బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి పట్టుట నేర్పుచుండెడివారు. ఈ వ్రేలిమాట మరువకుడు, తరువాత పనికివచ్చును.

తాండూరు గనులనుండి రాళ్లు మోయు పాతలారీల స్టీరింగు చక్రములు పళ్లెరములంత పెద్దవి. చేతిబలము తప్ప వేరు సాయము లేదు గనుక చుట్టుకొలత పెద్దది కావలెను. నూనె ఒత్తిడితో చేతికి సాయపడు పవర్ స్టీరింగు అమెరికాలో 1951లో క్రైస్లర్ కంపెనీ కారులో మొదట అమ్మకమునకు వచ్చెను. విద్యుత్తుతో సాయపడునది 1988లో జపానుదేశపు సుజుకీ చిన్నకారులో వచ్చెను. నేడు మన యిండ్లముందున్న కారులలో నున్నది ఆ రెండవ జాతిదే. చేతికి సుఖమే, కాని నేలవార్తను అది కొంత కప్పివేయును. ముసలి లారీడ్రైవరు చేతికి అరచి చెప్పిన మాటను నేటి కారు చెవిలో గొణుగును. ఆ గొణుగుడును గుర్తింపవలెనన్నచో ఆ మాట ముందు తెలిసియుండవలెను.

అట్లయిన దానిని ఎచ్చట నేర్చుట? అనంతగిరి వంపులలో కావాలని జారి నేర్చుకొనుమని ఏ తాత చెప్పగలడు? ఇచ్చటనే ఆటబొమ్మ ప్రవేశించును.

1929లో అమెరికాలోని బింగ్‌హామ్టన్ ఊరిలో ఎడ్విన్ లింక్ అను యువకుడు, తండ్రి ఆర్గను వాద్యముల కర్మాగారములో పనిచేయుచు, ఆ వాద్యములకు గాలినిచ్చు తిత్తులతోనే ఒక చిన్న విమానమును నిర్మించెను. అది ఎగురదు, ఉన్నచోటనే ఒరుగును, లేచును, తిరుగును. విమానము నడుపుట నేర్పుటకని ఆయన చేసినను కొన్నవారు చాలవరకు వినోదశాలలవారు. నాణెము వేసి పిల్లలెక్కి ఊగుచుండెడివారు. 1934లో అమెరికా సైన్యము తపాలా మోయుటకు పూనుకొని, పొగమంచులో దారిగానక పలువురు విమానచోదకులు మరణింపగా, ఆ సైన్యమే లింక్ పెట్టెలను ఆరింటిని కొనెను. పిమ్మట రెండవ ప్రపంచయుద్ధమున లక్షలకొలది వైమానికులు వానిలో నేర్చిరి. వినోదశాలలోని ఆటవస్తువు ప్రాణరక్షకమాయెను. ఈ కథను చెప్పినప్పుడు మాత్రము నా కుమారుడు లేచిపోలేదు.

కారు ఆటలకు నిజమైన ప్రతిబలము వచ్చుటకు ఇంకను కాలము పట్టెను. 1989లో అటారీ కంపెనీవారి హార్డ్ డ్రైవిన్ అను నాణెపు ఆటలో స్టీరింగును మోటారు త్రిప్పుచు బాట సంగతి చేతికి తెలుపుచుండెను. ఇండ్లకు వచ్చిన చక్రములలో చిన్న మోటారు బలమును పెంచుటకు మొదట పండ్లచక్రములను వాడిరి. లాజిటెక్ కంపెనీవారి జి 25 మొదలగునవి ఈ జాతివి. గట్టివే, కాని పంటికిని పంటికిని నడుమ కొంచెము వదులుండును గనుక, చక్రము దిశ మారునప్పుడు టకటక మనును. ఆ వదులులోనే సన్నని వార్త పోవును. తరువాత పట్టాలు, అనగా బెల్టులు వచ్చినవి. పాత బియ్యపుమర చూచినవారికి బెల్టు గుణము తెలియును: మెత్తన, నిశ్శబ్దము, కాని సాగును, రాపిడి కలదు. పదునైన కుదుపు బెల్టు దాటివచ్చుసరికి మొద్దుబారును.

2000ల చివరిభాగమున ఇంగ్లండులో లియో బొడ్నార్ అను ఇంజనీరు కర్మాగారముల మోటారునే తెచ్చి, దాని ఇరుసునకు స్టీరింగు చక్రమును తిన్నగా బిగించెను. నడుమ పన్నులేదు, పట్టాలేదు. ఇదియే డైరెక్టు డ్రైవు. మోటారు ఇరుసే చక్రపు ఇరుసు. ఎడ్లబండి పగ్గమువంటిది. మొదట ఇవి పందెపు జట్లకును, ధనవంతులకును మాత్రమే అందినవి. 2019లో ఫిన్లాండు దేశపు సిముక్యూబ్ 2 మూడు తరగతులుగా వచ్చినది. 17, 25, 32 న్యూటన్ మీటర్ల బలముగలవి. 2021లో జర్మనీకి చెందిన ఫనటెక్ వారు సి.ఎస్.ఎల్. డి.డి. అను చిన్న పీఠమును తెచ్చుటతో ఇది సామాన్యులకు సమీపించెను. దాని బలము 5, పెద్ద విద్యుత్ పెట్టె చేర్చినచో 8. పిదప చైనానుండి మోజా వారి ఆర్ 5, ఆర్ 9, ఆర్ 12 లును, 2022లో లాజిటెక్ వారి 11 న్యూటన్ మీటర్ల పీఠమును వచ్చినవి.

ఈ న్యూటన్ మీటరు అనునది మెలిత్రిప్పు బలపు కొలత. మనకు తెలియునట్లు చెప్పెదను. అడుగు వెడల్పుగల చక్రపు అంచున 1 న్యూటన్ మీటరనగా సుమారు 700 గ్రాముల బరువు వ్రేలాడుచున్నట్లు. 5 అనగా మూడున్నర కిలోలు. 8 అనగా సుమారు 5.4 కిలోలు, 25 అనగా 17 కిలోలు. పాత పండ్లచక్రపు పరికరములలో బలము రెండింటికి కొంచెము మించి యుండెడిది.

ఎక్కువ బలమే మేలని యువకులు తలంతురు. ఇందు కొంత సత్యము కలదు. మీరిప్పుడు వినుచున్న రేడియోను మిక్కిలి హెచ్చుగా త్రిప్పినచో నా కంఠము పగిలినట్లు వినబడును. చిన్న గంట పెద్ద ధ్వనిని మోయలేక శిఖరములను కోసివేయును. చక్రమోటారును అంతే. తన శక్తికి మించిన బలము చూపవలసి వచ్చినప్పుడు పైభాగమంతయు ఒక్కటే చదునుగా తోచును. పది కిలోలకు, పదునైదు కిలోలకు భేదము చేతికి తెలియదు. అందుచేత పెద్ద మోటారును తగ్గించి వాడుట సుఖము. అయినను చిన్న మోటారును గలవానికిని ఉపాయమున్నది: ఆటలోనే మొత్తము బలమును తగ్గించినచో శిఖరములు కోతపడవు; చేతికి బరువు తగ్గును, వార్త చెడదు. మాకు కావలసినది వార్త గాని వ్యాయామము గాదు. సాధారణపు కారు చక్రమునకు రహదారిపై కావలసిన బలము కొద్ది న్యూటన్ మీటర్లే. 25 కొనుట, ఋతుపర్ణుడు కండగల గుఱ్ఱములను కోరుట వంటిది.

బలముకంటె ముందు చూడవలసినవి వేరు కలవు. మెల్లగా త్రిప్పినప్పుడు మోటారు అయస్కాంతముల గతుకులు చేతికి తగులుచున్నవా లేదా. అమ్మినవాడు రేపు చెడినచో బాగుచేయువాడేనా. ఫనటెక్ పేరుగల ఎండోర్ కంపెనీయే 2024లో దివాలాకు పోయి కార్సెయిర్ అను అమెరికా కంపెనీ చేతిలోనికి వచ్చినది. ప్రసిద్ధియొక్కటే పూచీ కాదు. కంప్యూటరుతో కలియు పీఠము ప్లేస్టేషనుతో గాని ఎక్స్‌బాక్సుతో గాని కలియకపోవచ్చును. ప్రతిదానికి వేరు అనుమతి కావలెను. చక్రమును, పెడళ్లను వేరుగా కొనవలసి యుండును. ఈ సంగతి దుకాణములవారు కడపట చెప్పుదురు.

బిగింపు మాట మరచిన వానికి కొన్నదంతయు వృథా. 8 న్యూటన్ మీటర్లు చదువుకొను బల్లను కదలించును. నా మనుమడు తాండూరు నాపరాయి పలకపై బిగింతునని బయలుదేరెను. రాయి కదలదు, నిజమే. బిగింపుమర కొఱికినచోట పొర విడివడును. ఈ ఊరివాడై యుండియు వానికి రాతి గుణము తెలియకపోవుటకు నేనే సిగ్గుపడితిని. కడకు వెల్డింగు దుకాణమున యాంగిలు ఇనుముతో చట్రము చేయించితిమి.

ఇక వ్రేలిమాట. తెరపై కారు గోడకు తగిలినప్పుడు డైరెక్టు డ్రైవు చక్రము గిఱ్ఱున తిరుగును. చక్రపు ఆకులలో బొటనవ్రేలు చిక్కియున్నచో ఆట ఆటగా ఉండదు. రాతిచేలలో ట్రాక్టరు తోలువారును వ్రేలిని లోపల పెట్టరు. చేతికి అందుచోట మోటారును ఆపు మీట ఉండవలెను. పసిపిల్లలను దగ్గరకు రానీయరాదు.

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేనుసాగరు ఒడ్డున విద్యుత్ కారుల ప్రపంచపందెము జరిగినప్పుడు నా మనుమడు చూచివచ్చినాడు. ఆ బాట మామూలు దినములలో నగరవీథి. పందెపు బాటగా అది కొద్దిదినములే యుండును. పందెగాండ్రు దానిని సిములేటరుపైననే ముందుగా అభ్యసించి వత్తురని వాడు చెప్పెను. కాని ఒక లోపము వాడును ఒప్పుకొనెను. నిజమైన కారు జారునప్పుడు మొదట కూర్చున్న నడుముకు తెలియును. ఇంటి కుర్చీకి అది తెలియదు. భయమును తెలియదు. కనుక ఇది బాటకు బదులు కానేరదు. ఒక్క చేతికి మాత్రమే పాఠశాల.

గడువు ముగిసినది. చిన్నపీఠము, 5 న్యూటన్ మీటర్లది, కొనవచ్చునని చెప్పితిని. సగము సొమ్ము వాడు సెలవులలో పనిచేసి తేవలెను. ఇల్లు విడిచి అనంతగిరి దారిని కారు నడుపుటకు మరియొక సంవత్సరము పెద్దవారు ప్రక్కన ఉండవలెను. నా కుమారుడు ఔననలేదు, కాదనలేదు. సగము సొమ్ము మాత్రము ఇచ్చెను.

పీఠము వచ్చినదినమున వాడు నన్నును కూర్చుండబెట్టెను. తెరపై వాన కురియుచున్నది. మెల్లగా వంపులోనికి త్రిప్పితిని. చక్రము చేతిలో బరువెక్కినది, ఇంకను బరువెక్కినది, అంతలో ఉన్నట్టుండి చచ్చుబడినది. నేను ఆలోచింపకయే చేయి వెనుకకు విడిచితిని. బండి నిలదొక్కుకొన్నది. "తాతా, నీకెట్లు తెలిసెను?" అని వాడడిగెను. వాగు దగ్గర అడుగు సంకోచించిన ఆ కుడియెద్దును గూర్చి వానికి చెప్పితిని.

నా కోడలు గుమ్మమున నిలుచుండి చూచుచుండెను. నేను లేవగా ఆమె వచ్చి కూర్చుండెను. కుడి మణికట్టు ఇంకను పూర్తిగా వంగదు. ఎడమచేతితోనే చక్రము పట్టెను. వంపు వచ్చినది, చక్రము తేలికయైనది. ఆమె కొడుకు వైపు తిరిగి, "ఇదేనా, ఆనాడు నీకు తెలియనిది?" అని యడిగెను. వాడు ఔనని తల యూపెను. "ఇంకొకమారు పెట్టు" అని ఆమె చక్రమును సరిచేసి పట్టుకొనెను.